మా హైమ మెదడు పటం

సోమవారం. పైరగాలి.

ఆరోగ్య పరిషత్తు వాళ్ళు ఎంత రాసినా పట్టే ఈ దినచర్య పలక నా చేతికిచ్చి రోజూ రాయమన్నారు. పైన ఆ రోజు ఏ గాలి వీచిందో రాయాలి. అడుగున రెండు గడులున్నాయి: ఏం తిన్నది, ఎంత తిన్నది. మధ్యలో ఇంత జాగా వదిలి "ఇతర విశేషాలు" అన్నారు. నాకు ఆ జాగాయే నచ్చింది. నేను చదివింది ఐదో తరగతి, అదీ సముద్రం మా ఊరిని మింగకముందు. అక్షరం వంకరపోతే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

ఇతర విశేషం ఒకటే. మా హైమ ఇంటికొచ్చేసింది.

పోషణ మందిరం ఉన్న తెప్ప నుంచి మా తెప్ప దాకా ఊగే వంతెనలన్నీ తన కాళ్ళతో నడిచి దాటింది. పోయిన గాలికాలంలో ఇవే వంతెనల మీద దాన్ని మంచంతో సహా మోయించుకుపోయాం. ఇవాళ పెట్టె కూడా నన్ను పట్టుకోనివ్వలేదు. "నువ్వు ముందు నడువు నాన్నా, నీ మోకాళ్ళు చూసుకో" అంది. నేను ముందు నడుస్తూ ప్రతి ఇంటి దగ్గరా ఆగి, "మా అమ్మాయండీ, వచ్చేసిందండీ" అని చెప్పాను. వాళ్ళకి తెలుసు. అయినా చెప్పాను.

మధ్యాహ్నం నా భార్య సామ్రాజ్యం పండుగప్ప పులుసు పెట్టింది. ముగ్గురం కంచాల ముందు కూర్చున్నాం. హైమ తన కంచం వంక చాలాసేపు చూసింది. తర్వాత గిన్నెలోకి తొంగిచూసి, "తలకాయ ముక్క ఎవరికే అమ్మా?" అంది.

చిన్నప్పుడు ఆ ముక్క కోసం నాతో పోట్లాడేది. దాని జబ్బుకి డాక్టర్లు పెద్ద పేరే చెప్తారు, ఈ తెప్పల ఊరు తేలుదివిలో మేం కంచం భయం అంటాం. అది పట్టుకున్నాక ఇది కావాలి అని ఆ పిల్ల నోట నేను వినలేదు. ఇవాళ విన్నాను. నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి పక్కింటికీ, ఆ పక్కింటికీ, నీళ్ళ పీపాల దగ్గరున్నవాళ్ళకీ చెప్పొచ్చాను. తిరిగొచ్చేసరికి సామ్రాజ్యం గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమయ్యో, పిల్ల తలకాయ ముక్క అడిగితే ఊరంతా దండోరానా? నీ పులుసు చల్లారింది. ఇట్టాగే అన్నం మానేసి తిరుగు. పరిషత్తోళ్ళు నీకోసం ఇంకో పలక ఇస్తారు, నేను రాసిపెడతా."

హైమ నవ్వింది. ఆ నవ్వు రాయడానికి పలకలో గడి లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఏం తిన్నది: అన్నం, పండుగప్ప పులుసు, తలకాయ, ఊరబెట్టిన ఉసిరికాయ, మజ్జిగ.
ఎంత తిన్నది: అమ్మ వడ్డించినంతా. ఆపైన తలకాయ. ఆపైన మజ్జిగ మళ్ళీ. నా జన్మకిది చాలు.

మంగళవారం. పైరగాలి, పలచగా.

పొద్దున్నే మంచు పరదాలు పిండటం నా పని. చీకటిపడేవేళ తెప్ప అంచున గుడ్డలు కడతాం, తెల్లారేసరికి అవి తడిసి బరువెక్కుతాయి, వాటిని పీపాల్లోకి పిండితే అవే మా తాగే నీళ్ళు. ఇవాళ హైమ కూడా వచ్చింది. రెండు చేతులా మెలేసి పిండింది. గుడ్డ గట్టిగా పిసికినప్పుడు దాని మోచేతి దగ్గర కండ కదిలింది. ఆ చెయ్యి ఒకప్పుడు వెదురు పుల్లలా ఉండేది. దేవుడా, నాకు కండ చూసి కూడా ఏడుపొస్తుందని తెలియదు.

పైన మబ్బుల అంచున ఊరి గాలిపటాలు ఎగురుతున్నాయి. ఒక్కోటి ఇంటి కప్పంత. వాటి తాళ్ళు తాడుబల్ల అనే పెద్ద చెక్క అరుగు మీది రాట్నాలకి చుట్టి ఉంటాయి. గాలి లాగితే రాట్నం తిరుగుతుంది, రాట్నం తిరిగితే మాకు దీపం, పొయ్యి, మందిరం, పరిషత్తు, అన్నీ. హైమ చిన్నప్పుడు వాటి చిరుగులు కుట్టడానికి బుట్టలో పైకి వెళ్ళేది. తేలికైన పిల్లల్నే ఎక్కించేవారు. ఎక్కేముందు తూకం. "మా హైమ ఈకలా ఉంటుంది" అని బల్లమీదివాళ్ళంతా మెచ్చుకునేవారు. పిల్ల ఆ మెచ్చుకోలు విడవలేకపోయింది. తర్వాత బుట్టల పద్ధతి మానిపించారు. అప్పటికే పిల్లకి కంచం భయం పట్టేసింది.

"మళ్ళీ పైకెక్కాలనుందా తల్లీ?" అన్నాను భయంగా.

"లేదు నాన్నా. తాడు పడతాను."

తాడు పట్టడానికి ఈకలు పనికిరావు. బరువుండాలి, భుజం ఉండాలి. నా కూతురు తనంతట తాను బరువుండే పని అడుగుతోంది. పరదా వదిలేశాను, నీళ్ళన్నీ నా కాళ్ళమీద పడ్డాయి.

చిక్కొకటుంది. కంచం భయం వచ్చి తగ్గినవాళ్ళు తాడు పట్టాలంటే పరిషత్తు వాళ్ళు మెదడు పటం తీసి చూస్తారు. పటం నచ్చకపోతే తాడు లేదు సరికదా, ఇంకో గాలికాలం మందిరంలో ఉండాలి. పరీక్ష శుక్రవారం.

ఏం తిన్నది: రొట్టె, పచ్చిరొయ్యలు, అన్నం, మినప సున్నుండ.
ఎంత తిన్నది: రొట్టె చివర మాడిన ముక్క ఒక్కటే వదిలింది. అది నేనూ వదిలేస్తాను.

గురువారం. పైరగాలి.

హైమని తాడుబల్ల మీదికి తీసుకెళ్ళాను. బల్లకి పెద్ద ఆదెమ్మ. నాకంటే చిన్నది, గొంతు మాత్రం నాలాంటివాళ్ళు నలుగురి పెట్టు. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. తాడు తీసుకుపోయింది.

"నాంచారన్నా, ఈ పిల్లేనా మన బుట్ట పిల్ల? ఒళ్ళు చేసింది, బాగుంది" అంది.

 ఆ మాట హైమతో అనకూడదని మందిరంలో మరీమరీ చెప్పారు. హైమ ఒక్క క్షణం బిగుసుకుంది. తర్వాత, "అవునత్తా, అందుకే వచ్చాను" అంది.

బల్లమీద పని చూడటానికి తేలిక. పైరగాలి ఉన్నప్పుడు కొసన ఎర్రజెండా లేస్తే తాడు వదలాలి. పడమటి గాలి తిరిగితే అదే ఎర్రజెండాకి తాడు లాగాలి. జెండా మారదు, అర్థం మారుతుంది. గాలి తిరిగిందని ఎవరూ ముందుగా చెప్పరు, చెంపకి తెలియాలి. ముందు ఎవరికి తెలిస్తే వాళ్ళు "మారింది" అని కేకెయ్యాలి. మిగతావాళ్ళు ఒక్కొక్కరూ ఆ మాటే తిరిగి అనాలి. అనకుండా ఊరుకున్న రోజే ఆదెమ్మ వేళ్ళు పోయాయట.

ఇంకో ఆచారం ఉంది. ఖాళీ కడుపుతో తాడు ముట్టుకోరు. ఒకే బేసిన్‌లో అన్నం కలిపి ఆదెమ్మ తలా ఒక ముద్ద చేతిలో పెడుతుంది. అందరూ గుండ్రంగా నిలబడి, ఒకరినొకరు చూసుకుంటూ తింటారు. వంతు హైమ దగ్గరికొచ్చింది. పిల్ల చెయ్యి చాపింది. ముద్ద పడింది. అందరి కళ్ళూ దానిమీదే, అందరికంటే ఎక్కువగా నావి. చెయ్యి నోటిదాకా పోలేదు.

ఆదెమ్మ విసుక్కోలేదు. "ఇయ్యాళ గుండె ఒప్పుకోలేదు. ఆ ముద్ద గువ్వలకి వెయ్యి. రేపు కాకపోతే ఎల్లుండి. తాడు ఎక్కడికీ పోదు" అంది.

దారిలో హైమ పెదాలు కదులుతున్నాయి. ఏమిటని అడిగాను.

"మారింది, మారింది అనుకుంటున్నా నాన్నా. ఆ మాట బాగుంది. నా తలలో ఒకటి పట్టుకుందంటే వదలదు. అట్టాంటప్పుడు అనుకోటానికి."

ఏం తిన్నది: ఇంట్లో అన్నం, గోంగూర, ఎండు చేప. బల్లమీద ఏమీ లేదు.
ఎంత తిన్నది: ఇంట్లో నిండుగా.

శుక్రవారం. గాలి సరిగా లేదు.

ఇవాళ పరీక్ష. పొద్దున్నే సామ్రాజ్యం చద్దన్నం కలుపుతుంటే నేనే వారించాను. "పరీక్ష అంటే పరగడుపున పోవాలి కదే. అయ్యాక తింటుందిలే" అన్నాను. సామ్రాజ్యం కూడా అవునని గిన్నె మూత పెట్టేసింది. మా ఇళ్ళల్లో ఎవరు పరీక్షకి వెళ్ళినా అంతే. నెత్తురు తీసినా, కళ్ళు చూసినా పరగడుపే. హైమ మాకంటే ముందే గుమ్మం దాటింది.

పరీక్ష చేసే డాక్టరమ్మ పేరు ప్రఫుల్ల. చిన్నపిల్ల, నన్ను బాబాయిగారూ అంటుంది. హైమ తలకి తీగల టోపీ తొడిగింది. ఎదురుగా అద్దం మీద బొమ్మలు వస్తాయి. మొదట రంగు చూసి జత కలపాలి. కాసేపటికి చెప్పకుండా పద్ధతి మారుస్తారు, అప్పుడు ఆకారం చూసి కలపాలి. మళ్ళీ మారుస్తారు, అప్పుడు లెక్క చూసి. తప్పు కలిపితే గంట మోగుతుంది. గంటని బట్టే పద్ధతి మారిందని గ్రహించుకోవాలి.

గోడమీద పెద్ద తెర. అందులో నా కూతురి మెదడు. నేను నా కళ్ళతో చూశాను. వెలుగు ఇటు పుట్టి అటు పరిగెడుతోంది, ఆగుతోంది, మళ్ళీ పుడుతోంది. చీకట్లో సముద్రం మీద చేపలు కదిలితే వచ్చే వెలుగులా ఉంది. ఎత్తుకుని తిప్పిన తల అది. నూనె రాసిన తల. లోపల ఇంత వైభవముందని నాకు ఎవరూ చెప్పలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను, లేకపోతే పైకే అనేసేవాణ్ణి.

మొదట్లో బాగానే చేసింది. తర్వాత ఒకచోట పట్టుకుపోయింది. పద్ధతి మారినా రంగే చూసి కలుపుతోంది. గంట మోగుతోంది. మళ్ళీ రంగే. తెరమీద నుదుటి వైపంతా మంటలా ఎర్రగా అయింది.

అయ్యాక డాక్టరమ్మ టోపీ తీస్తూ, "పొద్దున ఏం తిన్నావమ్మా?" అంది.

"పరగడుపున తీసుకొచ్చామండీ" అన్నాను నేను, బాధ్యతగా.

"ఎవరు చెప్పారు బాబాయిగారూ?"

నేను ఆలోచించాను. ఎవరూ చెప్పలేదు. పరీక్షకి రమ్మని మాకిచ్చిన కాగితంలో కూడా లేదు.

"ఆకలితో ఉన్న మెదడు ఎవరిదైనా కుంటుతుంది. కంచం భయం వచ్చిన మనిషిని పరగడుపున కూర్చోబెడితే నేను చూసింది మెదడునా, ఆకలినా?"

హైమ తల తుడుచుకుంటోంది. నా వంక చూడకుండా అంది, "నాన్న వద్దన్నాడండీ. నాకు హాయిగా అనిపించింది. చాలా రోజుల తర్వాత ఎవరో వద్దన్నారు కదాని. ఆ హాయికే భయమేసింది."



ఏం తిన్నది: పొద్దున ఏమీ లేదు. నేనే పెట్టనివ్వలేదు. ఇది హైమ ఖాతాలో రాయొద్దు, నా ఖాతాలో రాసుకోండి.
ఎంత తిన్నది: సాయంత్రం దాకా ముద్ద దిగలేదు. తర్వాత గంజి.

శనివారం. తూర్పుగాలి, జల్లు.

వరి తెప్పలో కలుపు తీస్తుంటే హైమ వచ్చి నా పక్కన కూర్చుంది. పలక దాని చేతిలో ఉంది. మొదటినుంచీ చదివింది.

"నాన్నా, మాడిన ముక్క కూడా రాశావే."

"సంతోషంకొద్దీ రాశానమ్మా."

"తెలుసు. నీ సంతోషం నాకిష్టమే. కానీ నువ్వు నా నోటివంక చూస్తుంటే ముద్ద బరువెక్కుద్ది. మింగితే నీ కళ్ళు మెరుస్తయ్యి, మింగకపోతే ఆరిపోతయ్యి. అన్నం తింటున్నట్టుండదు, నీ మొహం మోస్తున్నట్టుంటది. నువ్వు చూడమాక నాన్నా. రాయనూ రాయమాక."

"రాయకపోతే పరిషత్తువాళ్ళు ఊరుకోరు కదే."

"నా బరువు డాక్టరమ్మ వారం వారం చూస్తానే ఉంది. ముద్దలు లెక్కపెట్టేది నా తలలో ఒకటి ముందే కూర్చుని ఉంది. దానికి తోడు నువ్వెందుకు?"

 ఈ ముసలివాడికి కూతురు తింటుంటే చూడటం ఒక్కటే పండగ. ఆ పండగ మానెయ్యమంటోంది. సరే తల్లీ అన్నాను. మానేస్తాను. ఈ పలక ఇచ్చినవాళ్ళతో మాత్రం నేనే తేల్చుకుంటాను.

ఏం తిన్నది: అన్నం.
ఎంత తిన్నది: తనకి చాలినంత.

మంగళవారం. పడమటి గాలి మొదలు.

పరిషత్తు మనిషి వచ్చి పలక చూసిపోయాడు, వాళ్ళ పెద్ద శేషగిరిగారు కబురు పంపారు. ఆది, సోమవారాల గడులు కూడా సరిగా నింపలేదట. నేను నింపాను. రెండు రోజులూ "చాలినంత" అనే రాశాను. అది వాళ్ళకి చాలలేదు.

ఇవాళ రెండో పరీక్ష. ప్రఫుల్లమ్మే పట్టుబట్టి ఇప్పించింది. పొద్దున్నే సామ్రాజ్యం చద్దన్నం, ఉల్లిపాయ పెట్టింది. నేను గోడకి తిరిగి కూర్చుని వల బాగుచేసుకున్నాను.

"గోడమీదేం రాసుందయ్యా అంతలా చదవతన్నావు?" అంది సామ్రాజ్యం.

"నీ వంట బాగుందని రాసుంది."

"తినకుండానే తెలిసిందా? మహా చదువు."

నా వెనక హైమ కంచం చప్పుడు వినిపించింది. చప్పుడు వినకూడదని అది అనలేదు కదా.

పరీక్షలో ఈసారి గంట మోగితే పిల్ల ఒక్క క్షణం ఆగింది, పెదాలు కదిలాయి, పద్ధతి మార్చుకుంది. ప్రతిసారీ అంతే. చివరికి తప్పులు ఏవో ఒకటీ అరా. తీగల టోపీతోనే దాన్ని ఎత్తుకుని తిప్పాలనిపించింది.

శేషగిరిగారు తెర ముందు నిలబడి తల అడ్డంగా ఊపారు. పక్కనే మచ్చుపటం పెట్టారు, మామూలు మనిషి మెదడుదట. అందులో మార్పు వచ్చినప్పుడు చిన్న వెలుగు వచ్చి పోతోంది. హైమ పటంలో నుదుటి వైపూ, ఎడమ పక్కనా పెద్ద వెలుగు లేస్తోంది.

"జవాబులు సరే, దారి సరిగా లేదు" అన్నారాయన.

ప్రఫుల్లమ్మ చెప్పింది, "మిగతావాళ్ళ మెదడు దానంతటదే తిరుగుతుంది సార్. ఈ అమ్మాయి ప్రతిసారీ తనకి తాను చెప్పుకుని తిప్పుకుంటోంది. పని ఎక్కువ, ఫలితం అదే."

"జబ్బు మిగిల్చిన జాడ కదా ఇది?"

"జబ్బు మిగిల్చిందో, పుట్టుకతోనే ఉందో నాకు తెలియదు. ఈ జబ్బు వచ్చినవాళ్ళలో కొందరికి ఇక్కడ ఎక్కువ వెలుగుతుంది, కొందరికి తక్కువ. దీన్ని చూసి తాడు పట్టగలదో లేదో చెప్పే విద్య నా దగ్గర లేదు."

"నా దగ్గరా లేదు డాక్టరుగారూ. కానీ తాడు మీద ఒకరు బిగుసుకుపోతే పక్కవాడి చెయ్యి పోతుంది. ఆ చేతులకి కట్లు కట్టించింది నేను. తెలియనప్పుడు వద్దనడమే నా పని."

ఆయన చెడ్డవాడు కాదు. అది నాకు తెలుసు. అయినా ఊరుకోలేకపోయాను.

"అయ్యా, నేను చిన్న తెప్ప వేసుకుని మందిరానికి వచ్చేవాణ్ణి. ఒక్కోరోజు పోటు ఎదురొస్తే ఊరంతా చుట్టి వచ్చేవాణ్ణి. చుట్టి వచ్చావు కాబట్టి నీ కూతుర్ని చూడనివ్వం అని మీరు ఎప్పుడూ అనలేదు. నా కూతురు చేరాల్సిన చోటికి చేరింది. ఏ రేవున వచ్చిందని అడుగుతారేంటి?"

"నాంచారయ్యా, ఎల్లుండి తాడుబల్ల దగ్గర నిర్ణయం చెప్తాం. నీ దినచర్య పూర్తిగా నింపి తీసుకురా. అది కూడా చూస్తాం."

తెస్తాను. నింపను.

ఏం తిన్నది: అన్నం.
ఎంత తిన్నది: పరీక్ష గెలిచినంత.

గురువారం. పడమటి గాలి, గట్టిగా.

బల్లమీదివాళ్ళంతా వచ్చారు. పరిషత్తువాళ్ళు ఒక పక్క, మేం ఒక పక్క. మధ్యలో హైమ. ప్రఫుల్లమ్మ పరిషత్తు పక్కనే కూర్చుంది గాని, కుర్చీ కొంచెం మా వైపు జరుపుకుంది.

శేషగిరిగారు రెండు పటాలూ చూపించి, పటం మచ్చుకి దగ్గరపడేదాకా హైమ మందిరంలో ఉండాలన్నారు. ఒక గాలికాలం, మహా అయితే రెండు. నా పక్కన సామ్రాజ్యం నా చెయ్యి పట్టుకుంది. ఇంత కాపురంలో నలుగురిలో చెయ్యి పట్టుకున్నది ఇదే.

"హైమవతీ, నువ్వేమైనా చెప్తావా?"

పిల్ల ఆ పటాల వైపు తిరిగింది. 

"ఆ వెలుగు ఏంటో నేను చెప్తానండీ. గంట మోగినప్పుడు నా తల పాతదాన్నే పట్టుకుంటది. పట్టుకుందని నాకు తెలుసు. అప్పుడు నేను మారింది అనుకుంటా. అనుకుని వదిలిస్తా. ఆ ఎర్రగా లేచేది ఆ మాటే అయి ఉంటది. కంచం ముందు కూడా అంతే. కంచం చూడగానే పాతది పట్టుకుంటది. రోజుకి ఎన్నిసార్లో. ప్రతిసారీ మారింది అనుకుని చెయ్యి కదిలిస్తా. అది జాడే అయితే, జాడతోనే తింటన్నా. మీరు అది ఆరిపోయేదాకా ఆగమంటున్నారు. అది ఆరితే నేను తినలేను."

 తాళ్ళు పైన మోగుతున్నాయి.

ఆదెమ్మ ముక్కు చీదింది. "శేషగిరన్నా, పటాల సంగతి నాకు తెలవదు. మారింది అని పైకి అనే మనిషి పక్కన నేను నిలబడతా. తనకి తెలిసిపోద్దిలే అని ఊరుకునే మనిషి పక్కన నిలబడి ఇయ్యి పోగొట్టుకున్నా" అని ఎడమచెయ్యి చూపించింది. "తాడు ఇచ్చేది బల్ల. మీరు వద్దని రాసుకోండి. నేను రమ్మంటన్నా. పూచీ మాది."

"పూచీ అంటే ఏంటో తెలుసా ఆదెమ్మా?"

"రెండు వేళ్ళిచ్చి నేర్చుకున్నా."

బల్లమీదివాళ్ళు నవ్వారు. శేషగిరిగారు కూడా కొంచెం నవ్వి, నవ్వినందుకు విసుక్కుని, నా వైపు తిరిగారు. "తాడు సంగతి బల్లదే, ఒప్పుకుంటాను. కానీ మందిరం సంగతి మాది. దినచర్య ఇవ్వు."

ఇచ్చాను. ఆయన చదివారు. మొహం గంటుపెట్టుకున్నారు.

"పరీక్ష గెలిచినంత. ఇదేం కొలత నాంచారయ్యా? ఈ గడులు సరిగా లేకపోతే అమ్మాయిని వెనక్కి పిలిచే అధికారం మాకుంది."

 నేను కూర్చోలేదు.

"పిలవండి. నేను మాత్రం నా కూతురి నోటికి కాపలా కాయను. దాని తలలో ఒక కాపలావాడు ఉన్నాడు, వాడితో అది రోజూ యుద్ధం చేస్తోంది. వాడికి నా కళ్ళు అరువియ్యను. పలక మీరు తీసుకుపోండి. లేదా నాకే వదిలెయ్యండి, దాని నవ్వులు రాసుకుంటాను. ముద్దలు రాయను."

"మరి తినకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు" అంది ప్రఫుల్లమ్మ లేచి. "ప్రతి శుక్రవారం నా దగ్గరికి వస్తుంది. ఒంట్లో తేడా వస్తే నేను చూస్తాను, నేనే మీకు చెప్తాను. వెనక్కి పిలవాలంటే వైద్యురాలి సంతకం కావాలి సార్. ఇవాళ నేను పెట్టను."

 శేషగిరిగారు పలకని నా చేతికే తిరిగిచ్చారు. "పరిషత్తు అభిప్రాయం వద్దనే. అలాగే రాయిస్తాను" అని వంతెన వైపు నడిచారు.

రాయించుకోనివ్వండి.

ఏం తిన్నది: అన్నం.
ఎంత తిన్నది: పైన చెప్పాను.

శనివారం. పొద్దున పైరగాలి, మధ్యాహ్నం తిరిగింది.

ఇవాళ హైమకి బల్లమీద మొదటి పూట. నన్ను రావొద్దంటుందేమో అనుకున్నాను. "రా నాన్నా, దూరంగా కూర్చో" అంది. పీపా బోర్లించుకుని కూర్చున్నాను. సామ్రాజ్యం నా పక్కన కూర్చుని, "పళ్ళు లోపల పెట్టుకో, గువ్వలు చూసి భయపడతన్నయ్యి" అంది. పెట్టుకోవడం నా వల్ల కాలేదు.

కొత్తగా తాడు పట్టేవాళ్ళు మొదటి రోజు తామే అన్నం కలిపి అందరికీ ముద్దలు పెట్టాలట. ఆఖరి ముద్ద తనది. ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది. హైమ బేసిన్‌లో చెయ్యి పెట్టింది. అన్నం, పప్పు, ఆవకాయ. కలిపింది. ముందు ఆదెమ్మకి పెట్టింది. ఒక్కో చేతిలో ఒక్కో ముద్ద, అన్నీ ఒకే లావు. పొద్దుటెండ నా కళ్ళలో పడుతోంది. గుండ్రం అంతా తిరిగొచ్చింది. బేసిన్‌లో చివరికి ఒక్క ముద్దకి సరిపడా మిగిలింది. హైమ దాన్ని దగ్గరికి కూడదీసింది.

దాని పెదాలు కదలడం చూశాను. అంతవరకే చూశాను. తల పైకెత్తి గాలిపటాలు చూశాను. ఎర్రది ఒకటి, పసుపుది ఒకటి, అతుకులేసిన పాతది ఒకటి. దాని అతుకుల్లో కొన్ని మా హైమ చిన్నప్పుడు వేసినవే. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. సామ్రాజ్యం నా వంక చూసి, తనూ తలెత్తి గాలిపటాలే చూసింది. ఆమె చెంపలు తడిగా ఉన్నాయి, ఏడుపో మంచో నేను అడగలేదు.

తర్వాత తాళ్ళు పట్టారు. మధ్యాహ్నం దాకా పైరగాలి. జెండా లేచినప్పుడల్లా వదిలారు. అన్నం పొద్దు దాటాక నా ఎడమ చెంప చల్లబడింది. ఇంకా ఎవరూ ఏమీ అనలేదు. ఇంతలో బల్ల మధ్యనుంచి ఒక గొంతు లేచింది.

"మారింది."

నా కూతురి గొంతు. వెంటనే ఆదెమ్మ అంది, తర్వాత పక్కవాళ్ళు, ఆ పక్కవాళ్ళు, కొస దాకా. జెండా లేచింది. అందరూ లాగారు. హైమ కాళ్ళు బల్లకి తన్నిపట్టి, ఒంట్లో ఉన్న బరువంతా వేసి లాగింది. రాట్నం మూలిగి తిరిగింది. పరిషత్తు కచేరీలో కూడా దీపం వెలిగే ఉంటుంది.

పలక నా ఒళ్ళోనే ఉంది. గడులు నింపుతున్నాను.

ఏం తిన్నది: నేను చూడలేదు.
ఎంత తిన్నది: ఆమెనే అడగండి. ఇప్పుడు కాదు. తాడు మీద ఉంది.